ముగ్గు వెనక పోయిన వారం

నా చిన్నప్పుడు రాయ్‌పూర్‌లో మా రైల్వే క్వార్టర్ల వరస మొత్తానికి ఒకే ఒక్క తెలుగు వారపత్రిక వచ్చేది. ఇక్కడి కొట్లలో అది దొరికేది కాదు. విజయనగరం వైపు నుంచి వచ్చే బండిలో, మాకు తెలిసిన గార్డు మామయ్య ఒకాయన తన పెట్టెలో పెట్టుకుని తెచ్చేవాడు. మొదట వరస మొదట్లో ఉన్న హెడ్ క్లర్కుగారి ఇంటికి వెళ్ళేది. అక్కణ్ణించి ఒక్కో గుమ్మం దాటుకుంటూ, పసుపు వేళ్ళ గుర్తులూ టీ గ్లాసుల గుండ్రాలూ అంటించుకుంటూ, చిట్టచివరికి మా ఇంటికి చేరేది. చివరి వంతు మా ఇంటికి రావడం మా చిన్నత్త అడిగి పెట్టించుకున్న ఏర్పాటు. అందరూ చదివేశాక ఆఖరున అందుకున్నవాళ్ళకి దాన్ని ఉంచేసుకునే హక్కు ఉండేది మరి.

చిన్నత్త నాన్నకి చెల్లెలు. డిగ్రీ పూర్తి చేసి, రైల్వే పరీక్షలకి చదువుకుంటూ మా ఇంట్లోనే ఉండేది. ఆ పత్రికలో పిల్లల సీరియల్ ఒకటి వచ్చేది. వారం వారం ఆ కాగితాన్ని బ్లేడుతో జాగ్రత్తగా కోసి, బియ్యం డబ్బా కింద పెట్టి చదును చేసి దాచేది. సీరియల్ అయిపోయాక అన్నిటినీ వరసగా పేర్చి, గోనెసంచులు కుట్టే దబ్బనంతో కుట్టి, మైదా ఉడికించిన జిగురుతో పాత క్యాలెండరు అట్ట అంటించి పుస్తకం చేసింది. క్యాలెండరు బొమ్మ లోపలికి, తెల్ల వైపు బయటికి. ఆ తెల్లటి అట్ట మీద పెన్నుతో ఒక మేకపిల్లని గీసింది. అది మేకలాగ కాక కుక్కలాగ వచ్చింది. ఆ మాట నేను అనొచ్చు గాని, ఇంకెవరన్నా అంటే నాకు ఒళ్ళు మండేది.

నాకు అప్పటికి తెలుగు చదవడం రాదు. బడిలో హిందీ, ఇంగ్లీషు. తెలుగంటే ఇంట్లో మాట్లాడేది, అంతే. కాబట్టి ఆ పుస్తకంలో ఏముందో నాకు తెలియాలంటే అత్త చదవాల్సిందే. ఆ ఏడు వానాకాలంలో తమ్ముడు పుట్టాడు. అమ్మ మధ్యగదిలో వాడితో పడుకుని ఉండేది. సాయంత్రం రైల్వే వర్క్‌షాపు సైరన్ మోగి, వ్యాగన్ల మరమ్మతు పని నుంచి నాన్న ఇంటికొచ్చేలోగా, అత్త నన్ను వరండాలో పక్కన కూచోబెట్టుకుని రోజుకో వారం చొప్పున చదివి వినిపించేది. బయట వాన, లోపల సాంబ్రాణి వాసన, నా మోకాలి మీద అత్త మోచెయ్యి. ఇరవై ఏళ్ళు దాటినా ఆ మోచేతి బరువు నాకు గుర్తుంది.

కథ పెద్ద విచిత్రమైనదేం కాదు. తమ ఊరి ఏరు ఎక్కడ పుడుతుందో చూడాలని ఒక పిల్ల గట్టు వెంబడి నడుచుకుంటూ బయలుదేరుతుంది. వెంట ఒక నల్ల మేకపిల్ల. దారిలో దానికి గడ్డి పెడుతుంది, ముళ్ళు తీస్తుంది, దానితో గొడవపడుతుంది కూడా. ఒక సాయంత్రం ఇద్దరూ పాడుబడ్డ కోటలోకి వెళతారు. మర్నాడు పొద్దున ఆ పిల్ల ఒక్కతే బయటికొస్తుంది. మేకపిల్ల లేదు. అయినా ఆ పిల్ల మొహంలో నవ్వు ఉంటుంది.

మధ్యలో రాత్రి కోటలో ఏం జరిగిందో అత్త నాకు చదివింది. కోట లోపలి వాకిట్లో ఒక మేకలమంద పడుకుని ఉంది. అందులో మేకపిల్ల తల్లి ఉంది, ఎప్పుడో సంతలో అమ్ముడైపోయిన తల్లి. ఇప్పుడు దాని దగ్గర ఇంకో రెండు చిన్న పిల్లలు పాలు తాగుతున్నాయి. నల్ల మేకపిల్ల దగ్గరికి పోకుండా దూరంగా నిలబడిపోయింది. అప్పుడు తల్లి లేచి, తాగుతున్న రెండింటినీ పక్కకి నెట్టి, ముందు దీని దగ్గరికొచ్చి, తలనుంచి తోకదాకా నాకింది. ఆ తర్వాతే మిగిలిన రెండింటినీ రానిచ్చింది.

అత్త వేలు అక్షరాల మీద కదులుతూనే ఉంది, గొంతు ఎక్కడా తడబడలేదు. అంతా అచ్చులో ఉందనే నేను అనుకున్నాను. ఆ ముక్క నేను మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాను. ప్రతిసారీ "ముందు దీని దగ్గరికే వచ్చింది కదత్తా?" అని అడిగేదాన్ని. "ముందు దీని దగ్గరికే," అనేది అత్త.

దసరా అయ్యాక ఎదురు క్వార్టర్లోకి ఒక పిల్ల వచ్చింది. నా ఈడుదే. వాళ్ళ నాన్న ఇంజను డ్రైవరు, ఎప్పుడూ లైను మీదే ఉండేవాడు. ఆ పిల్లకి తల్లి కొత్తగా పోయింది. చూసుకోవడానికి ఊరినుంచి వాళ్ళ మామ్మ వచ్చింది. మామ్మ మా గుమ్మంలో కూచుని అమ్మతో చెప్పడం నేను విన్నాను. "రేత్రంతా కళ్ళు తెరుసుకుని పైకప్పు సూస్తాదమ్మా. పడుకోదు. ఏడిసినా బాగున్ను, ఏడవదు కూడాను."

అత్త ఆ మాట విని మర్నాటినుంచి సాయంత్రాలు ఎదురింటికి వెళ్ళడం మొదలుపెట్టింది. చంకలో పుస్తకం.

ఆ పిల్లకి తల్లి లేదని నాకు తెలుసు. అది ఎంత పెద్ద సంగతో అందరూ నాకు చెబుతూనే ఉన్నారు. తెలిసినా నాకు జాలి రాలేదు. పుస్తకం రోడ్డు దాటి వెళ్ళిపోతోందన్నదే నాకు కనబడింది. వరండా స్తంభం పట్టుకుని ఎదురింటి కిటికీకేసి చూస్తూ నిలబడేదాన్ని. అత్త తల వంచి చదవడం కనిపించేది, మాటలు వినిపించేవి కావు. ఆ పిల్ల మోకాలి మీద అత్త మోచెయ్యి ఉందో లేదో అని మునివేళ్ళ మీద లేచి చూసేదాన్ని. మొదట్లో ఆ పిల్ల మా అత్తని "అక్కా" అని పిలిచేది. కొన్నాళ్ళు పోయేసరికి "అత్తా" అనడం మొదలుపెట్టింది. నేను అమ్మతో ఫిర్యాదు చేశాను. అమ్మ తమ్ముడికి లాల పోస్తూ, "అంటే ఏటైపోద్దే? అరిగిపోతాదేటి?" అంది. అరిగిపోతుందనే నాకు గట్టిగా అనిపించేది.

చలికాలం ఎండలో మేమిద్దరం పిట్టూ ఆడుతుండగా గొడవ వచ్చింది. కూలిన పెంకులు మళ్ళీ పేర్చేసి ఆ పిల్ల గెలిచింది. నేను ఓడిపోయిన కోపంలో, ఆ పుస్తకంలో కథ దానికన్నా ముందే నాకు తెలుసని చూపించుకోవాలనిపించింది. మేకపిల్లకి తల్లి దొరికిన ముక్క ఎత్తాను.

"తల్లి దొరికిందా? ఎవరు చెప్పారే నీకు?" అంది ఆ పిల్ల.

"బుక్‌లోనే ఉంది."

"ఝూట్. బుక్‌లో తల్లి లేదు. తల్లి పడుకున్న గడ్డి ఉంది."

"గడ్డేంటే, పాగల్?"

ఆ పిల్ల అక్కడే నేల మీద బాసింపట్టు వేసుకు కూచుని మొత్తం చెప్పింది. కోటలో మేకపిల్ల గది గదికీ తిరిగిందట. ఒక గదిలో కిటికీలోంచి వెన్నెల పడుతోందట. అక్కడ ఎండుగడ్డిలో ఒక పల్లం ఉందట, ఏదో మేక పడుకుని లేచి వెళ్ళిన పల్లం. మేకపిల్ల వాసన చూసింది. తన తల్లి వాసనే. తల్లి ఎక్కడికి వెళ్ళిందో తెలీదు, ఎప్పుడొస్తుందో తెలీదు. కానీ ఆ పల్లం ఇంకా వెచ్చగానే ఉంది. అది అందులో ముడుచుకుని పడుకుంది. సరిగ్గా సరిపోయింది. ఇల్లు విడిచాక అంత హాయిగా అది నిద్రపోవడం అదే మొదటిసారి. దూరంగా ఒక ఆవు మెడలో గంట కదిలింది. పొద్దున కథలో పిల్ల దాన్ని లేపకుండా, నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

"అత్త ఇది చదివేటప్పుడు ఏడ్చింది తెలుసా," అని ముగించింది.

"మా అత్త ఏడవదు."

"నా దగ్గర ఏడ్చింది."

"నా అత్త!"

"నాకూ అత్తే. పోయి అడుగు."

నేను అడగలేదు. దాని కథ నా కథకన్నా పొడుగు. దానిలో వెన్నెల ఉంది, ఆవు గంట ఉంది. అన్నిటికన్నా, అత్త ఏడుపు ఉంది. నాకు చదివేటప్పుడు అత్త ఒక్క చుక్క కూడా కార్చలేదు. ఆ రోజంతా ఆ గడ్డి పల్లాన్ని నెమరేసుకుంటూనే ఉన్నాను. నెలల తరబడి నెమరేసుకున్నాను. దానిలో తప్పులు వెతికాను. వెతికి వెతికి ప్రతి మాటా నోటికి వచ్చేసింది గాని తప్పు దొరకలేదు. ఇక ఒకటే దారి కనిపించింది. తెలుగు నేర్చుకుని, ఆ పేజీ నేనే చదివి, దాని మొహం మీద పెట్టాలి.

నాన్నని అడిగాను. మరమ్మతుకి వచ్చిన వ్యాగన్ల మీద గుర్తులు పెట్టే లావుపాటి సుద్దముక్కలు నాన్న జేబులో ఎప్పుడూ ఉండేవి. "ఇన్నాళ్ళూ నేర్చుకోవే అంటే లగెత్తీసీదానివి. ఇప్పుడేటొచ్చింది నీకు?" అన్నాడు గాని, ఒక ముక్క తీసి వరండాలో ఎర్రగచ్చు మీద 'అ' రాశాడు. వ్యాగను తలుపంత 'అ'. నేను దాని చుట్టూ నడిచి నేర్చుకున్నాను. అమ్మ లోపల్నించి గచ్చు పాడైపోతోందని గొణిగేది. కొన్నాళ్ళకి తమ్ముణ్ణి భుజాన వేసుకుని తనే బయటికొచ్చి, నా 'ఋ' వంకర చూసి నవ్వి, కాలి బొటనవేలితో చెరిపి సరిదిద్దడం మొదలుపెట్టింది. ఎండాకాలం సెలవులొచ్చేసరికి నేను కూడబలుక్కుని చదవగలిగేదాన్ని. ఎందుకు నేర్చుకుంటున్నానో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మాతృభాష మీద ప్రేమనుకుని నాన్న షాపులో అందరికీ చెప్పుకున్నాడు పాపం.

ఒక మధ్యాహ్నం అత్త కోచింగుకి వెళ్ళినప్పుడు అల్మారాలోంచి పుస్తకం తీశాను. కోట గుమ్మం దాకా చదువుకుంటూ వచ్చాను. పేజీ తిప్పితే పొద్దునైపోయింది, కథలో పిల్ల ఒక్కతే బయటికొస్తోంది. వెనక్కి తిప్పాను. పైన వారం అంకె చూశాను. ఒక అంకె దాటిపోయింది. రెండు కాగితాల మధ్య, కుట్టు దగ్గర, వేలెడు వెడల్పున ఒక అంచు మాత్రం మిగిలి ఉంది. దాని ఒక పక్క సగం సగం తెగిన మాటలు. రెండో పక్క వరసగా చుక్కలు. ముగ్గు చుక్కలు.

ఏమై ఉంటుందో నాకు వెంటనే తెలిసిపోయింది. ధనుర్మాసం వచ్చిందంటే పత్రికలో ముగ్గుల పేజీ పడేది, క్వార్టర్లలో ఆడవాళ్ళు దానికోసం కాచుకుని ఉండేవారు. కథకి వీపున ముగ్గు పడిన వారం, మాకన్నా ముందున్న ఏ ఇంట్లోనో ఎవరో నీటుగా కత్తిరించేసుకున్నారు. మా వరస వాకిళ్ళలోనే వేసిన ఏదో ఒక ముగ్గుకి వెనక వైపు నా మేకపిల్ల ఉండిపోయింది. తల్లీ లేదు. గడ్డీ లేదు. ఆ పుస్తకంలో రెండూ లేవు.

అత్త వచ్చేసరికి నేను వంటింట్లో పుస్తకం తెరిచి పట్టుకుని నిలబడి ఉన్నాను.

"మేకపిల్ల పేజీ ఏదత్తా?"

అత్త బ్యాగు కింద పెట్టి నన్ను చూసింది, పుస్తకం చూసింది. "చదివీసేవా? నువ్వే చదివీసేవేటే? ఓలమ్మో! వదినా, ఇలా రా, దీన్ని చూడు!" అని నన్ను ఎత్తేయబోయింది. నేను బిగుసుకుపోయాను.

"నాకు అబద్ధం చదివావు."

అత్త నవ్వు ఆగింది. పీట లాక్కుని నా ఎదురుగా కూచుంది. "ముగ్గుకోసం ఎవరో కోసీసేరే. అడిగితే ఒక్కరూ ఒప్పుకోరు. ఆ వారం ఏటైందో నాకే తెలీదు. నువ్వేమో నోరు తెరుచుకుని చూస్తన్నావు, నేనేటి చెయ్యను?"

"మరి దానికెందుకు వేరేగా చెప్పావు?"

"నీ గౌను దానికి తొడిగితే పడుతుందేటి?"

"నాకు దానిదే కావాలి."

"అయితే నీది దానికిచ్చీమంటావా?"

కాసేపు ఆలోచించాను. తల్లి ముందు దీని దగ్గరికే వచ్చిన ముక్క ఆ పిల్లకి ఇచ్చేయడం. "ఒద్దు," అన్నాను.

"నీది ఇవ్వవు, దాందీ నీకే కావాలి. బాగుందే నీ బేరం!"

నాకు ఏడుపొచ్చింది. "దాని దగ్గర ఏడ్చావట," అన్నాను చివరికి. నెలలుగా నాలో ఉన్న అసలు మాట అదే. అత్త కొంగుతో నా మొహం తుడిచి, "రేపు సాయంత్రం దాన్ని ఇక్కడికి పిలుస్తాను. నువ్వు చదివి వినిపించు," అంది.

"నేనా?"

"చదవడం వచ్చీసింది కదా. నువ్వే."

మర్నాడు ఆ పిల్ల వచ్చింది. నేను అత్త కూచునే చోట గోడకి ఆనుకుని కూచున్నాను. అత్త కాస్త ఎడంగా చాప మీద లాల్ భాజీ అనే ఎర్రతోటకూర కట్టలు విప్పి ఆకులు గిల్లుతోంది. ఇప్పుడు పుస్తకం నా ఒళ్ళో ఉంది, నా వేలే అక్షరాల మీద ఉంది, ఆ పిల్ల నా నోటికేసి చూస్తోంది. అంతటి అధికారం నాకు అంతకుముందు ఎప్పుడూ దొరకలేదు. నేను చెప్పబోయేది రాత్రే సిద్ధం చేసుకున్నాను. 'ఇక్కడ పేజీ లేదు. నీ గడ్డీ లేదు, నీ వెన్నెలా లేదు. అత్త ఉత్తినే చెప్పింది, కావాలంటే చూడు.' అంచు మీద ముగ్గు చుక్కలు కూడా చూపిద్దామనుకున్నాను.

తడుముకుంటూ, ఒత్తులు మింగుతూ, కోట గుమ్మం దాకా వచ్చాను. ఆగాను. అత్తకేసి చూశాను. అత్త తలెత్తలేదు. ఆకులు గిల్లుతూనే ఉంది, వేళ్ళు ఎర్రగా అయ్యాయి. నేను ఏం చెప్పినా ఆపేట్టు లేదు.

అప్పుడు ఆ పిల్ల జరిగి నాకు ఆనుకుంది. అరచెయ్యి పేజీ మీద పెట్టి, "ఇక్కడ ధీరే ధీరే చదువు. ఇదే నాకు బాగా పసంద్," అంది.

నేను సిద్ధం చేసుకున్న మాటలు నాలుక మీదే ఉన్నాయి. ఆ చెయ్యి తీసి అవతల పెట్టాలనీ ఉంది. కానీ ఆ చెయ్యి ఉన్న తీరు చూస్తే, అది పుస్తకాన్ని ముట్టుకుంటున్నట్టు లేదు. పడుకోబోయే చోటు వెచ్చగా ఉందో లేదో చూసుకుంటున్నట్టు ఉంది.

"కోటలో చీకటిగా ఉంది," అన్నాను, లేని పేజీని చూస్తూ.

"చీకటి కాదు. వెన్నెల."

"అక్కడికే వస్తున్నా, ఉండు."

"అత్తయితే మర్చిపోదు."

"అత్తకి అలవాటు. నేను ఇప్పుడేగా చదువుతున్నది! వింటావా, మానెయ్యనా?"

"చదువు చదువు."

చదివాను. గది గదికీ తిప్పాను. వెన్నెల పెట్టాను. నెలల తరబడి అసూయతో నెమరేసుకున్న కథ కదా, ఒక్క మాట కూడా తడుముకోకుండా వచ్చేసింది. మేకపిల్ల గడ్డిలో ముడుచుకునే చోట, ఎందుకో నా గొంతు అత్త గొంతులాగ కిందికి దిగింది. ఆవు గంట దగ్గరికొచ్చేసరికి నా భుజం మీద బరువు పెరిగింది. చూస్తే ఆ పిల్ల నిద్రపోతోంది. నోరు కొద్దిగా తెరుచుకుని, చెయ్యి ఇంకా పేజీ మీదే ఉంచి. చీకటి పడ్డాక మామ్మ దీన్ని వెతుక్కుంటూ వచ్చి, "ఓలమ్మా, పడుకుందేటిది!" అని గుమ్మంలోనే నిలబడిపోయింది. అత్త పెదాల మీద వేలు పెట్టి ఆమెని కూచోమంది. ఎంతసేపో ఎవరం కదల్లేదు. నా భుజం తిమ్మిరెక్కింది. అయినా కదల్లేదు.

అంతా వెళ్ళాక అత్త ఎర్రటి వేళ్ళతో నా బుగ్గ గిల్లింది. ఒక నీతీ చెప్పలేదు. ఆ రోజుతో నా అసూయ పోయిందని చెప్పను. అత్త ఏడ్చింది దాని దగ్గరే అన్న సంగతి చాలా ఏళ్ళు నాకు గుచ్చుకుంటూనే ఉండేది. వాళ్ళ నాన్నకి బదిలీ అయి ఆ పిల్ల వెళ్ళిపోయిన తర్వాత కూడా.

మొన్నామధ్య ఫోనులో చిన్నత్తకి ఈ సంగతంతా గుర్తుచేశాను. ఆవిడ ఇప్పుడు దుర్గ్‌లో ఉంటుంది, ఉద్యోగం, పిల్లలు, మోకాళ్ళ నొప్పులు. సగం గుర్తులేదంది. "దానికి గడ్డి అని చెప్పేనేటి? బాగానే చెప్పేనే! మరి నీకేటి చెప్పేను?"

చెప్పాను. మంద, తల్లి, పాలు తాగుతున్న రెండు పిల్లలు, తల్లి ముందు దీని దగ్గరికే రావడం.

"ఆఁ, మరి అప్పుడే కదే మీ తమ్ముడు పుట్టింది," అంది అత్త మామూలుగా. "మీ అమ్మ మంచం దగ్గరికి వెళ్ళడం మానీసేవు. గుమ్మం కాడ నిలబడి చూసీదానివి. పిలిచినా వెళ్ళేదానివి కాదు. మర్చిపోయేవేటి?"

నేను మర్చిపోయాను. గుమ్మం దగ్గర నిలబడడం నాకు బొత్తిగా గుర్తులేదు. మేకపిల్ల దూరంగా నిలబడిపోవడం మాత్రమే గుర్తుంది. ఫోను పెట్టేశాక గాని నాకు అర్థం కాలేదు. ఎదుటి పిల్లకి కుట్టిన గౌను చూసి ఏడ్చుకుంటూ, అన్నేళ్ళూ నా ఒంటి మీద నా కొలతకి కుట్టినది వేసుకునే తిరిగాను.

మా పాపకి ఇప్పుడు నాలుగేళ్ళు. నేను ఆఫీసుకి వెళ్ళొచ్చేదాకా తెలీబంధా చెరువు దగ్గర ఒక క్రెష్‌లో ఉంటుంది. అది నన్ను మర్చిపోతుందేమోనని, నేను లేని వేళల్లో ఏమైపోతుందోనని రోజంతా నాకు గుబులు. అక్కడ చూసుకునే దీదీ అంటే దానికి ప్రాణం. నేను ఏ కథ మొదలుపెట్టినా "మమ్మీ, దీదీ అలా చెప్పలేదు," అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా నన్ను మళ్ళీ ఎనిమిదేళ్ళ పిల్లని చేసి ఆ వరండా స్తంభం దగ్గర నిలబెట్టినట్టే ఉంటుంది. ఇన్నాళ్ళూ "దీదీకి ఏం తెలుసు, నేను చెప్పేదే అసలు కథ," అంటూ వచ్చాను.

అత్తతో మాట్లాడిన మర్నాడు సాయంత్రం పాపని స్కూటీ మీద ముందు నిలబెట్టుకుని వస్తూ, చెరువు దగ్గర సిగ్నల్ పడితే ఆగాను. అది చిడియా కథ, అదే పిట్ట కథ, ఎత్తింది. దీదీ చెప్పింది అలా కాదంది. లోపల మామూలుగానే మండింది. మండనిచ్చి, "అయితే దీదీ ఎలా చెప్పింది?" అన్నాను.

"అన్ని చిడియాల మమ్మీలూ వచ్చేశాయి. ఒక్క చిడియా మమ్మీ రాలేదు. అది గేటు దగ్గర కూర్చుంది."

"చిడియాకి గేటెక్కడిదే?"

"దీదీ కథలో ఉంది. తర్వాత చీకటి పడకముందే మమ్మీ వచ్చేసింది. రోజూ లేటే. కానీ రోజూ వస్తుంది."

పచ్చలైటు పడింది. వెనక ఆటోవాడు హారన్ మోగిస్తున్నాడు. పాప ఎప్పుడూ గేటు దగ్గర కూచున్నానని నాకు చెప్పలేదు. నేను వెళ్ళేసరికి నవ్వుతూనే ఎదురొచ్చేది. అది నాకు చెప్పనిది దీదీ చూసింది, చూసి ఒక పిట్టని చేసింది. నాకు ఆవిడ మీద అసూయ ఇంకా అలాగే ఉంది. దాని పక్కనే, ఆవిడకి దణ్ణం పెట్టాలని కూడా ఉంది.

స్కూటీని చెరువు గట్టు పక్కకి తీసి ఆపాను. "మమ్మీ చిడియా ఎందుకు లేటయిందో దీదీ చెప్పిందా?"

"నహీ బతాయా."

"అది నాకు తెలుసు. చెప్పనా?"

పాప తల పూర్తిగా వెనక్కి వంచి నా మొహంలోకి చూసింది. గట్టున కూచుని చెప్పాను. ఎంత దూరం ఎగరాలో, ముక్కున గింజ ఎంత బరువో, దారిలో పిల్ల కూచున్న గేటు మమ్మీకి ఎన్నిసార్లు గుర్తొస్తుందో. దీదీ చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా మార్చలేదు. ఇదంతా రాస్తున్న ఈ వేళ కూడా, నా పిల్లకి ఇంకొకరు చెప్పిన కథ నా లోపల గుచ్చుకుంటూనే ఉంది. గుచ్చుకున్న చోటే ఆగి, 'ఎలా చెప్పిందో చెప్పు' అని పిల్లని అడగడం ఒక్కటి ఆ వరండాలోంచి నాతో వచ్చింది. అడిగి, మొత్తం విని, ఇంకా ఎవరూ చెప్పని ముక్క ఏదైనా మిగిలితే, అది నేను చెబుతాను.